పద్మజ నింపిన ఇరవై తూటాలు

మోరిస్‌విల్ తెలుగువాళ్లలో పద్మజకు ఒక పేరుంది: తుపాకి పద్మజ. ఎదుటపడి ఎవరూ అనలేదు. వెనక అంటారని ఆమెకు తెలుసు, పట్టించుకోలేదు. పగలంతా మందుల కంపెనీ ల్యాబులో కూర్చుని, మాత్రల్లో ఉండాల్సిన మందు ఉందో లేదో మిల్లీగ్రాముల్లో తూచి చూడడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లలో ఆమె సంతకం పెట్టిన రిపోర్టు ఒక్కటీ వెనక్కి రాలేదు.

తుపాకి పట్టింది నలభై నాలుగో ఏట. ల్యాబువాళ్లు ఒక శనివారం షూటింగ్ రేంజికి వెళ్తుంటే కాదనలేక వెళ్లింది. అద్దె పిస్టల్‌తో కొట్టిన మొదటి పది గుండ్లలో ఏడు అరచేతంత చోట పడ్డాయి. ఇంతకు ముందెప్పుడైనా కాల్చావా అని నేర్పేవాడు రెండుసార్లు అడిగాడు. ఆమెకు నచ్చింది ఆ చప్పుడు కాదు. ఊపిరి సగం వదిలి, వేలు మెల్లగా బిగిస్తున్నప్పుడు బుర్రలోని రొద మొత్తం ఆగిపోవడం నచ్చింది.

పిస్టల్ తర్వాత రైఫిల్ వచ్చింది, రైఫిల్ తర్వాత వేట. రెండో ఏడు ఆమె కాల్చిన జింక, గుండెకు తగలాల్సిన గుండు కడుపులో దిగడంతో పరుగెత్తింది. నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ నాలుగు గంటలు నడిస్తే వాగు పక్కన కనబడింది, ఇంకా ప్రాణంతోనే. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. కొన్న తూటాలు ఒకే పెట్టెలోవైనా ఒక్కోటి ఒక్కో తీరుగా పోతున్నాయని, తన తూటాలు తానే నింపుకుంటానని అప్పుడే తీర్మానించుకుంది.

భర్త కేశవరావు కారు ఆ ఏడు నుంచే గరాజు బయట మంచులో నిలబడుతోంది. గరాజులో బల్ల వెలిసింది. పేలిపోయిన ఇత్తడి ఖోళ్లను కడిగి, కొలిచి, కొత్త తుపాకిమందు పోసి, పైన కొత్త గుండు బిగించడం ఆమెకు వంట కంటే సులువుగా వచ్చేసింది. ప్రతి తూటాకూ మందు విడిగా తూచేది. వంద గజాల దూరాన ఆమె ఐదు గుండ్లు కొడితే ఆ చిల్లులన్నీ ఒక్క నాణెం కింద దాగేవి. ఆ టార్గెట్ కాగితాల్ని ఫోటో తీసి అందరికీ చూపించేది సత్యం.

సత్యం ఆమెకంటే పదిహేనేళ్లు చిన్న, పక్క కాంప్లెక్సులో ఉంటాడు, వేటకు తోడు. వాళ్లిద్దరూ వేటాడేది వర్జీనియా సరిహద్దు దగ్గర డేల్ అనే ముసలాయన అడవిలో. ఒకప్పుడు పొగాకు పండించేవాడు. ఇప్పుడు తనూ ఒక మంచె మీద కూర్చుంటాడు. పద్మజ పెట్టే వేటమాంసం పచ్చడి కోసం ఖాళీ సీసా కడిగి ఉంచుతాడు.

ఆ నవంబరులో రైఫిల్ వేట మొదలయ్యే శనివారానికి సత్యం కోసం ఇరవై తూటాలు నింపింది. ఇద్దరివీ ఒకే కొలత రైఫిళ్లు. ఆ వారం ల్యాబులో తనిఖీలు. పన్నెండు గంటల పని ముగించుకుని వచ్చి, బల్ల ముందు కూర్చుని, గురువారం రాత్రికి పని పూర్తి చేసింది. శుక్రవారం సత్యం వచ్చి పెట్టె తీసుకుని డేల్ ఇంటికి వెళ్లిపోయాడు. తను శనివారం మధ్యాహ్నానికి వస్తానంది.

శనివారం పొద్దున ఏడింటికి కాఫీ కప్పుతో గరాజులోకి వెళ్లింది. పిస్టల్ తూటాలు కొన్ని నింపుదామని ఆ మందు డబ్బా ఎత్తింది. చేతికి తేలిగ్గా తగిలింది.

ల్యాబు అలవాటు కొద్దీ ప్రతి డబ్బా బరువూ మూత మీద రాసిపెడుతుంది. కాటా మీద పెట్టింది. మూత మీది అంకెకు, కాటా చూపిన అంకెకు పదిహేను గ్రాములు తేడా. మళ్లీ పెట్టింది. అదే. నెల రోజులుగా ఆ డబ్బా తెరిచిన గుర్తు లేదు.

పక్కనే రైఫిల్ మందు కొత్త డబ్బా ఉంది. మూత మీద సీలు అలాగే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. గురువారం చివర్లో రైఫిల్ మందు అయిపోయింది. అలమర వైపు చెయ్యి చాచి ఇంకో డబ్బా అందుకుంది. రెండింటిలోనూ మందు నల్లటి సన్నని పూసలే, కంటికి తేడా తెలియదు. కాటా బరువు చెప్పింది, అది ఏ మందో చెప్పలేదు. పిస్టల్ మందు ఒక్కసారిగా భగ్గుమనే రకం. రైఫిల్ తూటా నిండా అది పోస్తే గుండు గొట్టం దాటేలోపు తుపాకి పగులుతుంది.

ఒక్కో తూటాకు పట్టే మందుతో పదిహేను గ్రాముల్ని భాగించింది. ఐదున్నర. అంటే ఒకదానిలో సగం రైఫిల్ మందు, సగం పిస్టల్ మందు కలిసింది. మిగతా ఐదింటిలో మొత్తం పిస్టల్ మందే. ఇరవైలో ఆరు.

సత్యంకి ఫోన్ చేసింది, మోగలేదు. ఆ అడవిలో సిగ్నల్ రాదు. డేల్ ఇంటి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. కేశవరావు మెట్ల మీద నిలబడి అంతా విన్నాడు.

“షెరీఫ్ ఆఫీసుకి కాల్ చెయ్. వాళ్లయితే పావుగంటలో వెళ్తారు,” అన్నాడు.

“నేను గంటలో వెళ్తా.”

“పద్మా, కాల్ చెయ్.”

ఆమె తాళాలు తీసుకుంది. ఫోన్‌లో ఏమని చెప్పాలి, పేరు అడుగుతారు, ఏం చేస్తావని అడుగుతారు. ల్యాబులో తెలుస్తుంది. ఇదంతా గరాజు తలుపు లేచేంత సేపట్లో మనసులో తిరిగింది. తర్వాత చాలాసార్లు ఆ కాసేపటినే తలుచుకుంది. భయమేసింది సత్యం గురించే అని తనకు తాను చెప్పుకోబోయేది, చెప్పుకోలేకపోయేది.

డర్హమ్ దాటాక రోడ్డు ఇరుకైంది. పొలాల మీద మంచు పొగలా నిలిచి ఉంది. కిటికీ దించి, చలిలో చెవులు రిక్కించి నడిపింది. రాక్స్‌బరో దాటాక దూరంగా తుపాకి మోతలు వినబడ్డాయి. వేట మొదటిరోజు, ఎవరివైనా కావచ్చు. ఒక్కో మోతకూ ఆమె కాలు యాక్సిలరేటర్ మీద బిగిసింది. మోత తర్వాత వచ్చే నిశ్శబ్దం ఇంకా భయపెట్టింది.

డేల్ గేటు దగ్గర కారు ఆపి, వేటగాళ్లకు కనబడేలా నారింజ రంగు కోటు తొడుక్కుని, సత్యం మంచె వైపు అతని పేరు పిలుస్తూ పరుగెత్తింది. మంచె మీంచి అతను తొంగిచూశాడు. ఒళ్లో రైఫిల్ ఉంది.

“ముట్టుకోకు సత్యం. చెయ్యి తీసెయ్.”

విషయం చెప్తుంటే అతని మొహం పాలిపోయింది. తను ఒక్కటి కూడా కాల్చలేదు, జింకే రాలేదు. తూటాలు ఒక్కొక్కటే బయటికి తీసి ఇచ్చాడు. ఆమె లెక్కపెట్టింది. పదిహేను.

“మిగతావి?”

“డేల్‌కి ఐదు ఇచ్చానక్కా. ఆయన రైఫిల్‌దీ మన కొలతే. నీ టార్గెట్ ఫోటో చూపిస్తే ముచ్చటపడ్డాడు.”

ఆమె తిరిగి అడుగు వేసిందో లేదో వాగు అవతల మోత వినిపించింది. రైఫిల్ మోతకు ఒక సాగుదల ఉంటుంది, చెట్ల మధ్య పారుతూ పోతుంది. ఇది అలా పోలేదు. ఇనప తలుపు మూసినట్టు అక్కడే ఆగిపోయింది.

వాళ్లు వాగు దాటి వెళ్లేసరికి డేల్ తన మంచె కింద ఆకుల మీద కూర్చుని ఉన్నాడు. రైఫిల్ కర్ర రెండుగా చీలి, అడుగున తూటాల అర ఊడిపోయి పడి ఉంది. కళ్లద్దాల ఎడమ పలక పగిలి కన్ను నెత్తురుతో మూసుకుపోయింది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు లేవు. ఆయన నెమ్మదిగా, నిద్రలో మాట్లాడినట్టు, జింక పడిందా అని అడిగాడు.

పద్మజ తన బెల్టు ఊడదీసి ఆయన ముంజేతికి బిగించింది. సత్యం సిగ్నల్ దొరికే చోటి దాకా రోడ్డు వైపు పరుగెత్తాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆమె ఆయన తల ఒళ్లో పెట్టుకుని, ఏం జరిగిందో మొత్తం చెప్పింది. తన తప్పేనని చెప్పింది. షెరీఫ్‌కి ఫోన్ చేయలేదన్నది కూడా చెప్పింది. చెవులు దిబ్బడపడ్డ డేల్‌కి ఏమీ వినబడలేదు. కాబట్టి ఆస్పత్రిలో మూడో రోజు, కట్లు కట్టిన ఆ మొహం ముందు కూర్చుని మళ్లీ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. ఆయన విని, ఇక ఇంటికి వెళ్లమన్నాడు. కోపంగా అనలేదు. మళ్లీ రమ్మనీ అనలేదు.

కన్ను నిలబడింది, చూపు మసక. షెరీఫ్ మనుషులు వాంగ్మూలం తీసుకుని ప్రమాదమని రాసుకున్నారు. ల్యాబులో ఎవరికీ తెలియలేదు. ఏ సిగ్గు కోసం ఆమె ఆ ఫోన్ చేయలేదో ఆ సిగ్గు ఆమె దాకా రానేలేదు. అది ఆమెకు మరీ బరువైంది.

పద్మజ గరాజులో కూర్చుని తూటాల గుండ్లు ఒక్కొక్కటే పీకింది. సత్యం దగ్గరివి పదిహేను, డేల్ రైఫిల్ అర పేలినప్పుడు ఆకుల్లో చెదిరిన నాలుగింటిలో దొరికినవి మూడు, మొత్తం పద్దెనిమిది. పిస్టల్ మందు నాలుగింటిలో ఉంది, నాలుగింటిలోనూ అంచుదాకా. డేల్ కాల్చింది సగం కలిసినది అయ్యుంటుంది. నిండుగా ఉన్నదైతే ఆయన బతికేవాడు కాడు.

ఇంకొకటి మిగిలింది. అందులోనూ పిస్టల్ మందు నిండుగానే ఉండాలి.

సత్యం, ఆమె నాలుగు ఆదివారాలు ఆ ఆకుల్ని చేతుల్తో కెలికారు. లోహాన్ని పసిగట్టే యంత్రం తెచ్చి తిప్పారు. పాత మేకులు, పగిలిన రైఫిల్ ముక్కలు దొరికాయి. ఐదో ఆదివారం గేటుకు కొత్త తాళం ఉంది. డేల్ ఆ ఏడు వేట తన మేనల్లుళ్లకు ఇచ్చాడని పక్క పొలం ఆయన చెప్పాడు. ఆమె కారు దిగకుండానే డేల్‌కి ఉత్తరం రాసి గేటు పక్క ఉత్తరాల డబ్బాలో వేసింది: నేల మీద ఇత్తడి తూటా ఏదైనా కనబడితే ఎవరూ వాడొద్దని, దాని అడుగున తన గుర్తుగా ఎర్ర సిరా గీత ఉంటుందని.

జవాబు రాలేదు. మార్చి వానలకు ఎర్ర సిరా ఎన్నాళ్లు నిలుస్తుందో ఆమె ల్యాబులో ఒక ఖోలు నీళ్లలో వేసి చూసింది. పదకొండో రోజుకు చెరిగిపోయింది.