తాతయ్య దుకాణం అప్పగించిన ఉదయం

నా చిన్నప్పుడు రంగూన్‌లో, లత పేటలో, మా తాతయ్యకు పెద్ద దినుసుల దుకాణం ఉండేది. ఆయన ఎదురొస్తే వీధిలో మనుషులు పక్కకు జరిగేవారు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట.

బర్మా సర్కారు జనం దుకాణాలను స్వాధీనం చేసుకుంటున్న రోజులవి. మా వంతు వచ్చిన ఉదయం, అధికారులు రాకముందే తాతయ్య నీళ్ల బకెట్లు తెప్పించి పప్పు, మిరపకాయల బస్తాల పక్కన పెట్టించారు. సరుకంతా తడిపి పాడుచేసి మరీ ఇవ్వాలని ఆయన పంతం.

"ఒక్క గింజ ఆళ్లకి దక్కకూడదు," అన్నారు.

"మిమ్మల్ని జైల్లో ఎడితే ఏటి సేత్తాం? ఆ మీసాన్ని మాకొగ్గేసి ఎల్తారేటి, సూసుకుంటా కూకోడానికి?" అని నాయనమ్మ ఏడుస్తూనే దెప్పింది.

అప్పుడే ఒక ఓడ వంటవాడు మిరియాల కోసం వచ్చాడు. బోటాటౌంగ్ రేవుకు తన ఓడ వచ్చినప్పుడల్లా మా దగ్గరే కొనేవాడు. మేము రష్యావాడనేవాళ్లం. అతను ప్రతిసారీ "ఉక్రెయిన్" అని దిద్దేవాడు. బకెట్లు చూసి, సంగతి విని, బస్తా మీద కూర్చుని, వచ్చీరాని ఇంగ్లీషులో తన ఊరి కథ చెప్పాడు. చాలా చిన్న ఊరట. వాళ్ల అవ్వ ఆ ఊరు దాటి ఎరగదు. అయినా ఆస్ట్రియా, పోలండ్, రష్యా, జర్మనీ, మళ్లీ రష్యా ఆమెను ఏలాయి. ఆమె తండ్రికి పిండిమర ఉండేది. కొత్త ప్రభుత్వం దాన్ని తీసుకునే ముందురోజు ఆయన మరరాళ్లకు కొత్తగా గంట్లు కొట్టి, పదును చేసి పెట్టాడట. ఊరు నవ్వితే, "రేపు ఈ పిండి తినేది మీరే కదా" అన్నాడట.

తాతయ్య వీధిలోకి చూశారు. పక్కింటి బర్మా అక్క గిన్నె పట్టుకుని, దుకాణం ఎప్పుడు తెరుస్తారా అని నిలబడి ఉంది.

"ఒలే గుంటా, ఆ నీళ్లట్టుకెళ్లి అరుగు కడుగు," అన్నారు నాతో.

వచ్చిన అధికారి కుర్రవాడు. "ఊలే" అన్నాడు బెరుకుగా, మనం బాబాయ్ అన్నట్టు. తాతయ్య తాళాలు ఇచ్చి, వానకు ఏ మూల కారుతుందో, పప్పును ఎప్పుడు ఎండబెట్టాలో, మిరపకాయల బస్తాలను చెక్కల మీదే ఎందుకు నిలబెట్టాలో ఓపికగా చూపించారు. ఆ అబ్బాయి చేతులు కట్టుకుని విన్నాడు. తరువాత తాతయ్య కండువా సర్దుకుని మెట్లు దిగారు. ఆ దుకాణం మళ్లీ మాకు రాలేదు.

నా బతుకంతా అద్దె గదుల్లోనే గడిచింది. ఖాళీ చేసిన ప్రతి గదినీ కడిగి, ఏ కిటికీలోంచి జల్లు కొడుతుందో, ఏ కుళాయిని గట్టిగా తిప్పాలో చెప్పి తాళం ఇచ్చాను. మొన్న, ఈ వయసులో, నన్ను వెళ్లగొట్టిన ఇంటి యజమానికీ అన్నీ చూపించాను. అతను తల దించుకుని విన్నాడు. నేను దించలేదు.