దీపం వెలుగులో రెండు ఎరుపులు

గద్వాల వీధుల్లో పడుగు దారాలకు పట్టించే గంజి వాసన తగిలితే ఇప్పటికీ నా నడక నెమ్మదిస్తుంది. నాకు మగ్గం నేర్పిన కిష్టయ్య మామ ఇంటి ముందు ఎప్పుడూ అదే వాసన ఉండేది. మా పక్కిల్లే. మా నాన్న సత్సంగంలో భజన నడిపేవాడు. కిష్టయ్య మామ మాత్రం ఒక్కనాడూ ఆ గడప తొక్కలేదు.

ఇరవయ్యేళ్ల కిందట సత్సంగం ఆడవాళ్లమంతా మొక్కుకుని, అమ్మవారికి శుక్రవారం నాటికి చీర ఇస్తామన్నాం. కిష్టయ్య మామ మగ్గం మీద దాన్ని నేసే భాగ్యం నాకు దక్కింది. బుధవారం పొద్దుగూకే వేళ కరెంటు పోయింది. కందీలు దీపం పెట్టుకుని, పట్టు పోగు కండెలకు చుట్టి అంచు నేశాను. తెల్లారి చూద్దును కదా, మూరెడు అంచు వేరే ఎరుపు! దీపం వెలుగులో తేడా తెలియక, పక్కనున్న పట్టు దారాల లడి కండెలకెక్కించేశాను. విప్పి మళ్లీ నేస్తే శుక్రవారానికి అందదు. మాట తప్పినదాన్నవుతాను.

"గర్భగుడిల దీపమే గద మామా. ఎవలకు తెలుస్తది?" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "జర కండ్లు మూసుకో బిడ్డా. నువ్వే వెలుగువనుకో. సూర్యుని కాడికెల్లి వచ్చి ఈ పోగు మీద పడ్డవ్. ఏమైతది?"

"ఎర్రగైత."

"కావు. నీ తాన అన్ని రంగులున్నయి. ఈ పోగు మిగతాయి మింగి ఎరుపును ఎనకకిస్తది. ఆ రెండోది ఎరుపుతోని జర నీలం గూడ ఇస్తది. గిప్పుడు దీపం కాడికెల్లి రా."

"దీపంల నీలం తక్కువ. ఎనకకియ్యనీకి ఏముంటది?"

"గదీ! పోగు అబద్ధమాడలే, దీపమూ ఆడలే."

"మరి అబద్ధం ఎవలది?"

"సత్సంగపోల్లు, మీరే చెప్పాలె. నాకేం తెల్వదు," అని నవ్వాడు.

సూర్యచంద్రులే అమ్మ కన్నులని చిన్నప్పటి నుంచి పాడుతున్నాను. ఆ పాటను నమ్మినదాన్నే అయితే, ఏ చీకటి గదిలోనైనా ఆమెకు పట్టపగలే. కూర్చుని ఒక్కో పోగే విప్పాను. ఆయన పక్కన కూర్చుని సరైన పట్టు కండెలు చుట్టిచ్చాడు.

శుక్రవారం ఉత్త చేతులతో సత్సంగానికి వెళ్లి, జరిగింది అందరి ముందు చెప్పాను. "కందీలు కాడ అంచు నేస్తరా? సోయి లేదా?" అని ఒక పెద్దామె అందరిలో కడిగేసింది. నాన్న తల దించుకున్నాడు. చీర ఆ మరుసటి శుక్రవారం అమ్మకు చేరింది.

మామ పోయి చాలా ఏళ్లయింది. నాకు శ్లోకాలు నేర్పిన పెద్దలు ఎందరో. కళ్లు మూసుకుని కూర్చోవడం నేర్పింది మాత్రం ఆయనే అనుకుంటాను. ధ్యానంలో నేను అమ్మను ఏమీ అడగను. నన్ను నేనే అడుగుతాను: ఈ రోజు నా మీద పడ్డ వెలుగులో ఎంత మింగాను, ఎంత తిరిగి ఇచ్చాను?