తవిటమ్మప్ప ముక్కు

తవిటమ్మప్ప గురించి రాయాలంటే ముందు ఆవిడ ముక్కు గురించి రాయాలి, తరువాత నా సిగ్గు గురించి. రెండూ ఒకే కథ. విడదీయడం నా వల్ల కాదు.

శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవున్న బెంగాలీ పేట గార్డెన్ రీచ్‌కి వచ్చిన ఇళ్ళలో ఆవిడది ఒకటి. భర్త కూర్మయ్య ఓడల్లోంచి సరుకు దించేవాడు. ఆయన పోయాక ఆవిడ చీపురు పట్టింది. ముప్పై ఏళ్ళు వీధులూ కాలువలూ ఊడ్చింది, అందులో ఇరవై ఏళ్ళు నా కిందే. నేను పోలిరాజుని, ఆ ఊడ్చేవాళ్ళ గ్యాంగుకి సర్దార్‌ని. ఆవిడ మా అందరికీ అప్ప, అంటే అక్క. ఏ కాలువలో ఏం కుళ్ళిందో ఆవిడ వంగి చూడకుండానే చెప్పేది.

"అప్పా, ఆ బాబుగోరింట్లో ఇయ్యాల ఏ చేపో సెప్పు" అని ఆట పట్టిస్తే, "మీ ఇంట్లో నిన్నటి సారు పులిసిపోనాది, ముందు దాన్ని పారబొయ్యి" అనేది.

2004లో మా గ్యాంగుని నది ఒడ్డున మూతపడ్డ ఒక డీజిలు గోదాములో పనికి పెట్టారు. ఏళ్ళ తరబడి పీపాలు కారి అక్కడి నేల నల్లబడిపోయింది. గడ్డిపోచ కూడా మొలవదు. దాన్ని బాగుచేయడానికి ఒక కాలేజీ నుంచి మట్టి మీద పరిశోధన చేసే సులేఖా దీదీ వచ్చింది. కంటికి కనబడని బాక్టీరియా ఉంటుందట, డీజిలు తిని బతుకుతుందట. మట్టిని తవ్వి మోకాలెత్తు మడిగా పరిచాం. బాక్టీరియా కలిపిన నీళ్ళు చల్లి, పేడా ఎరువూ వేశాం. గాలి తగిలేలా వారానికి రెండుసార్లు తిరగేయాలి, తడి ఆరనివ్వకూడదు. డీజిలు తాగే పురుగులేమిటి, చదువెక్కువైతే ఇంతే అనుకున్నాను నేను.

తవిటమ్మప్ప మాత్రం నమ్మింది. "ఆకలేసినోలికి ఇంత కూడెట్టినట్టే గదా తమ్ముడూ" అని పార అందుకుంది. ప్రతి శనివారం పిడికెడు మట్టి తీసి వాసన చూసేది. ఆరో వారం "తగ్గినాది" అంది. పది రోజుల తరువాత దీదీ పరీక్ష కాగితం కూడా అదే చెప్పింది. దీదీ పొంగిపోయింది. అప్పని మాశీ, అంటే పిన్ని, అని పిలిచేది. "మాశీ, ఇంకో ఆరు మళ్ళు వేస్తాను. వాటికి నువ్వే సర్దార్‌వి" అంది. ఆ మాటకి అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనుండగా ఆవిడ సర్దారా అని నాకు కుళ్ళు పుట్టింది. దాచి ఏం లాభం?

ఆరు మళ్ళూ మంజూరు చేసే పెద్ద ఆఫీసర్లు చూడడానికి వస్తున్నారన్నారు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మా వృత్తిలో ఒకటే పద్ధతి. దారికి రెండు వైపులా సున్నం గీత, కంపు కొట్టే ప్రతి చోటా బ్లీచింగ్ పౌడరు. ఇరవై ఏళ్ళు అదే చేశాను. ముందురోజు సాయంత్రం అప్పతో, "నీ చీరంతా డీజిలు మరకలు, రేపు రాకు" అన్నాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. తరువాత కాలువల్లో బ్లీచింగ్ చల్లించాను. మడి దగ్గర పేడ కంపు గుప్పుమంది. ఆఫీసర్లు ముక్కు మూసుకుంటే నా పరువేం కాను? ఒక సంచి మొత్తం మడి మీద నేనే చల్లి, తెల్లగా కనబడకుండా మట్టి కలిపి నీళ్ళు కొట్టాను.

ఆఫీసర్లు వచ్చి, సున్నం గీతలు బాగున్నాయని, ఆరు మళ్ళూ వేసుకోమని చెప్పి వెళ్ళిపోయారు. మర్నాడు అప్ప వచ్చి మడి దగ్గర కూర్చుని పిడికెడు మట్టి తీసింది. వాసన చూసి, తిరిగి అక్కడే పోసేసి పార అందుకుంది.

రెండు వారాలకి దీదీ కాగితంతో పరుగున వచ్చింది. బాక్టీరియా దాదాపు అంతా చచ్చిపోయిందట. ఎవరైనా ఫినాయిల్ గాని, సబ్బునీళ్ళు గాని, ఇంకేదైనా గాని పోశారా అని అడిగింది. నాకు అప్పుడు అర్థమైంది. పురుగుల్ని చంపడానికే కదా ఆ పౌడరు! ఇరవై ఏళ్ళుగా ఆ సంగతి తెలిసినవాణ్ణే, బతికుండాల్సిన పురుగుల మీద చల్లాను. నోరు విప్పాలి. విప్పలేదు. నా చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాను.

"నేను ఇక్కడే సబ్బుతో సేతులు కడుక్కుంటాను దీదీ" అంది అప్ప. దీదీ కోప్పడలేదు. అదింకా ఘోరం. సబ్బునీళ్ళకే చచ్చేవైతే ఈ మట్టిలో బతకవని, ఆరు మళ్ళూ ఆపేస్తున్నట్టు రాసుకుంది. అప్ప మళ్ళీ చీపురు పట్టుకుంది.

నెల రోజులు నాకు అన్నం సహించలేదు. చివరికి ఒక ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే అనేశాను.

"అప్పా, మడిని సంపింది నేనే. బ్లీచింగేసినాను."

ఆవిడ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "తెల్సు. ముప్పై ఏళ్ళు సల్లినదాన్ని, ఆ వాసన నాకు తెల్దేటి?"

"మరి సబ్బని ఎందుకన్నావు?"

"నువ్వు సెప్తావని సూసినాను. నీ మొగం సూసినాను. నువ్వు సెప్పులు సూసుకుంటన్నావు. పదిమందిలో నిన్నెలా బయటెట్టీది? నువ్వే సెప్తావని నెల్రోజులు ఎదురు సూసినాను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చెప్పు తీసి కొట్టినా బాగుండేది.

సోమవారం పొద్దున్నే కాలేజీకి వెళ్ళి దీదీ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆవిడ తన పుస్తకం తెరిచింది. మళ్ళు ఆపేస్తున్నట్టు రాసినదాన్ని కొట్టేసి, "ఒక మడి మళ్ళీ వేద్దాం. మాశీని పిలువు" అంది.

ఈసారి సర్దార్ తవిటమ్మప్ప. పార నాది. ఆవిడ పెట్టిన షరతు ఒకటే: బ్లీచింగ్ సంచి గోదాము గేటు దాటి లోపలికి రాకూడదు. ఆరో వారానికి మళ్ళీ "తగ్గినాది" అంది. పక్కన గరిక కూడా మొలిచింది.

అయితే పని మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ "ఏదీ, సేతులు" అనేది. చాచేవాణ్ణి. రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, అప్పుడు మడిలోకి రానిచ్చేది. గ్యాంగు అంతా చూస్తుండేది. పని ఉన్నన్నాళ్ళూ ఒక్క రోజు కూడా మానలేదు. నేనూ ఒక్క రోజు కూడా ఎందుకని అడగలేదు.