అడుగు చదునని రాశాను

"నీటి అడుగు చదునుగా ఉందనుకుందాం." లోతు తక్కువ నీళ్లలో అలల గురించి ఏ లెక్కల పుస్తకం తెరిచినా మొదలు ఇదే. ఎవరిని అడిగి అనుకుంటారు? నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో నేను ఆ అలల మీదే పరిశోధన చేశాను. మాది ఆర్మూర్ పక్కన పెర్కిట్, పసుపు పండించే ఇల్లు. లెక్కకు ఎంచుకున్నది మెండోర దగ్గర డ్యామ్ ప్రాజెక్టు నీళ్ల అంచు. మా మేనమామ పొలం ఆ నీళ్ల కిందే ఉంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోగానే ఆయన నాగలి పట్టుకుపోయి, పాత గట్లు వెతుక్కుని, దున్ని నువ్వులు చల్లేవాడు. పొలాలు మునిగినవాళ్లంతా అంతే. కాగితం మీద భూమి సర్కారుది. అయినా ఒకరి గట్టు ఒకరు జానెడు కూడా దాటేవారు కాదు.

ఒకనాడు మామ నన్ను మోకాలి లోతు నీళ్లలో నడిపించాడు. గాలికి లేచిన అల ఒకచోట విరిగింది.

"గాడ విరిగింది జూడు, గది మా పెద్ద గట్టు. గీ దిక్కు చిన్న గట్లు. నడుమ సాళ్లు, సాళ్లల్ల మట్టి పెడ్డలు. అల అన్నిటికి తాకుతది బిడ్డా."

వంగి ఆ నేలను చేత్తో తడిమాను. ఎంత దగ్గరికి పోయి చూసినా గతుకులో ఇంకో గతుకు! మామూలు కలనగణితం నున్నటి గీతకే పనిచేస్తుంది. ఇలాంటి గతుకులకు ఫ్రాక్టల్ లెక్కలు అప్పుడప్పుడే వస్తున్నాయి. రెండేళ్లు కూర్చుని మామ పొలాన్ని ఆ సమీకరణాల్లోకి ఎక్కించాను. లెక్క చెప్పిన చోటే అల విరిగింది కూడా.

మా గైడ్ నాలుగు పేజీలు తిప్పి పక్కన పడేశాడు.

"ఈ గట్లు ఎక్కడివమ్మా? మ్యాపులో లేవే?"

"మా మామ చూపించారు సార్."

"మామ చెప్పాడని థీసిస్‌లో రాస్తారా? అడుగు చదును చెయ్యి, సంతకం పెడతాను." పైగా నవ్వాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. దున్నినవాడి మాట చెల్లదట! ఆ మ్యాపు గీసినవాడు ఒక్కనాడైనా ఆ నేల మీద కాలు పెట్టాడా? ఇదంతా ఆయన మొహం మీదే అడగాల్సింది. అడగలేదు. గడువు దగ్గరపడింది, డిగ్రీ లేకపోతే లెక్చరర్ ఉద్యోగం చేయి జారుతుంది. "సరే సార్" అని వచ్చి, పది రోజుల్లో గట్లన్నీ తీసేశాను.

డిగ్రీ వచ్చింది. థీసిస్ పట్టుకుని మెండోర పోయాను. మామకు చదువు రాదు. పేజీలు తిప్పుతూ ఒక బొమ్మ దగ్గర ఆగాడు. పైన అల, కింద స్కేలుతో గీసిన తిన్నని గీత.

"గిది నా పొలమేనా?"

"అవును మామా."

ఆ గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా జరిపాడు.

"మరి గట్లేవి బిడ్డా?"

ఆయన పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు.

"మా పొలాలు ముంచనీకి వచ్చినోళ్లు గూడ గిట్లనే గీసుకొచ్చిండ్రు."