లూదియా తాళ్లు, దేవరాజు పైపింగు

దేవరాజుకు ఎక్కడైనా అంచు కనబడితే చేతులు ఊరుకోవు. దానికి పైపింగు వేయాల్సిందే. ఆళ్లగడ్డలో కలిగినవాళ్ల ఇళ్లలో సోఫాలు, డాక్టరు గదిలో కుర్చీలు, అన్నీ ఆయన కుట్టినవే. వాటిలో ఒక్కదాని మీద కూడా ఆయన్ను కూర్చోనిచ్చినవాళ్లు లేరు. కూర్చోకుండా దిండు కుదిరిందో లేదో తెలిసేదెట్లా? అందుకని జొన్నల మూట ఒకటి సైకిలు మీద వేసుకుని తిరిగేవాడు. మూటను కొత్త సోఫాలో కూర్చోబెట్టి, తాను చేతులు కట్టుకుని పక్కన నిలబడి, "ఎట్లుందప్పా, మెత్తగా ఉందా?" అని దాన్నే అడిగేవాడు. ఇంటివాళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. నవ్వుతున్నది ఎవరిని చూసో వాళ్లకు తెలియదు పాపం.

ఆయన భార్య లూదియాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. గొడుగుకు పైపింగు. కూరగాయల సంచికి పైపింగు. బైబిలు తొడుగుకు, చివరికి మేక మెడపట్టీకి కూడా పైపింగే.

"ఇంగ మిగిలింది నా చెవులే" అంది లూదియా ఒకరోజు.

దేవరాజు ఆమె చెవుల వైపు చూశాడు. కొలత తీస్తున్నట్టే చూశాడు.

"అసలు ఎందుకయ్యా ఈ పైపింగు?"

"రెండు గుడ్డలు కలిసేకాడ కుట్టుంటాది గదా. మనుషులు కూర్చోని లేస్తాంటే రాపిడంతా దాని మీదే పడతాది. ఆడ తాడు పెట్టి, గుడ్డ చుట్టి కుడితే, ఆ గట్టు రాపిడి తింటాది. కుట్టు బతుకుతాది."

"గొడుగు మీద ఎవరు కూర్చుంటారు?"

దేవరాజు గొడుగు తెరిచి, అంచు ఒకసారి తడిమి, మళ్లీ మూసి పక్కన పెట్టాడు.

డెబ్బై ఎనిమిదిలో, పత్తి తీసే కాలంలో, సుబ్బరాయుడు ఊళ్లో సినిమా హాలు కట్టాడు. ముందు వరుసల్లో ఉత్త చెక్క బెంచీలు, వెనక కుర్చీలు. ఆ కుర్చీల దిండ్లన్నీ దేవరాజుకే అప్పగించాడు. అవి నచ్చితే నంద్యాలలో కడుతున్న రెండో హాలు పని కూడా ఆయనదే. ఏడాది పొడుగునా పని. లూదియా ఆదివారం చర్చిలో దాని గురించే ప్రార్థన చేసింది.

సరిగ్గా అప్పుడే ఇంట్లో తాళ్లు మాయం కావడం మొదలైంది. ముందు బట్టలారేసే దండెం పోయింది. తర్వాత చేదతాడు. ఆ తర్వాత మేకను కట్టేసే తాడు. కట్టు లేని మేక తిన్నగా ఇంట్లోకి వచ్చి మంచమెక్కింది. నాలుగు రోజులకు మంచం కాళ్లవైపు నులక కూడా పోయింది. లూదియా కాళ్లు కిందికి వేలాడేసుకుని, పక్కన మేకను పెట్టుకుని పడుకుంది.

"మన వీధిలో తాళ్లదొంగ ఎవడయ్యా?"

"ఎవరికేం అవసరమొచ్చిందో" అన్నాడు దేవరాజు, జొన్నల మూట వైపు చూస్తూ.

లూదియాకు పక్కింటి పద్మమ్మ మీద అనుమానం వచ్చి మాటలు మానేసింది. "నేనేం చేస్తినే తల్లీ?" అని పద్మమ్మ గోడ మీదుగా రోజూ అడుగుతూనే ఉంది.

హాలు తెరవడానికి ముందురోజు కబురొచ్చింది, దొంగతనం చేశాడని దేవరాజును హాల్లో నిలబెట్టారని. లూదియా పరుగెత్తింది.

లోపల బెంచీలన్నిటికీ ముందు అంచున ఎర్ర రెగ్జిను గట్టు. సుబ్బరాయుడు మండిపడుతున్నాడు. "కుర్చీలకు కుట్టమంటే బెంచీలకు కుడతావా? నా సరుకు ఇట్ల తగలబెడతావా? నంద్యాల పని ఇంగ మర్చిపో."

"రెగ్జిను పారేసే ముక్కలే అయ్యా."

"లోపల తాడో? అది యాడిది?"

దేవరాజు భార్య వైపు చూశాడు. సుబ్బరాయుడికి జవాబు చెప్పాలంటే ముందు లూదియాకు దొరికిపోవాలి.

లూదియా వంగి చూసింది. ఒక బెంచీ చివర తాడు కొస బయటికొచ్చి ఉంది. కొరికిన కొస. ఆమెకు అంతా అర్థమైంది. దేవరాజు తల వంచుకున్నాడు.

"తాడు నాదయ్యా" అంది సుబ్బరాయుడితో.

"నీదని ఏంది గుర్తు?"

"మా మేక పళ్లు. కావాలంటే దాన్ని పిలిపిస్తా. ఆ పక్క బెంచీ విప్పు, నా దండెం ఉంటాది. బట్టల నీలిమందు అంటుకోని ఉంటాది."

విప్పించారు. నీలంగానే ఉంది. సుబ్బరాయుడు అయోమయంగా ఇద్దరినీ చూశాడు. "బెంచీ ఎక్కేవాళ్లకు ఇన్ని సోకులెందుకప్పా?"

"పొద్దంతా పత్తి తీసిన ఆడోళ్లు మూడు గంటలు కూర్చుంటారు గదయ్యా" అన్నాడు దేవరాజు. "చెక్క అంచు మోకాళ్ల కింద కోస్తాది. ఆ రాపిడి తాడు తింటాది."

సుబ్బరాయుడు అంచు మీద చేయి వేసి రాశాడు. "పీకితే మేకుల బొక్కలు కనబడతాయి. ఉండనీలే. ఆ విప్పినదాన్ని మళ్లీ కుట్టు" అని, పోతూ పోతూ, "నంద్యాలకు ఎప్పుడు పోతాండావ్?" అని అడిగాడు.

మొదటి ఆటకు లూదియా పద్మమ్మ పక్కన బెంచీలో కూర్చుంది. దేవరాజు అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు.

"మూట తేలేదులే. ఈసారి నువ్వే కూర్చో" అంది లూదియా.

కూర్చున్నాడు.

"ఎట్లుందప్పా, మెత్తగా ఉందా?"

"ఉంది. మేక యాడ?"

"మంచం మీద."

చదివినవాళ్లకు ఒక పని చెబుతాను. మీ ఊరి బస్టాండులోనో, ఆసుపత్రి వరండాలోనో బెంచీ మీద కాసేపు కూర్చోండి. అంచు కోస్తుంటే ఓ పాత తాడు, నాలుగు గుడ్డముక్కలు పట్టుకెళ్లి సరిచేయండి. మీ ఇంట్లో సోఫా కుట్టిన మనిషి పని ముగించి ఇంకా నిలబడే ఉంటే, మొదట ఆయన్నే కూర్చోమనండి. మీకంటే ముందు, జొన్నల మూట కంటే ముందు.