ఎదురింటి కిటికీకి కట్టిన పరదా

నా చిన్నప్పుడు మా సందులో అందరూ కాళ్ళకి దండం పెట్టే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు కంపరమెత్తుతుంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఎందుకు మాట్లాడకూడదో నాకు ఇంతవరకూ ఎవరూ సరిగా చెప్పలేదు, అందుకని మాట్లాడతాను.

మేముండేది రాయపూర్‌లో, గుఢియారీలో, రైలు పట్టాలకి దగ్గరగా ఉన్న ఒక ఇరుకు సందులో. నాన్నది రైల్వే ఉద్యోగం. క్వార్టర్ ఇంకా రాలేదు, అద్దె ఇల్లు. ఆ సందులో ఏడెనిమిది తెలుగు కుటుంబాలు, అందరం బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళమే. గుమ్మం దాటితే అంతా హిందీ, ఛత్తీస్‌గఢీ. పెద్దమనిషి ఇల్లు మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. మా కిటికీకీ ఆయన కిటికీకీ మధ్య ఒక రిక్షా పట్టేంత దూరం, అంతే. ఆయన రైల్వేలోనే రిటైరయ్యాడు. ఉగాదికి పంచాంగం చదివేది ఆయనే, ముహూర్తాలు పెట్టేది ఆయనే, కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి ఇళ్ళు చూపించేదీ ఆయనే. మా ఇల్లు కూడా ఆయన మాట మీదే దొరికింది. నాన్న ఆయన ఎదుట కూర్చునేవాడు కాదు.

ఆ పెద్దమనిషికి గుడాఖూ అలవాటు. పొగాకూ బెల్లం కలిపి చేసిన నల్లటి ముద్ద అది, అక్కడ చిన్న చిన్న డబ్బాల్లో అమ్ముతారు. పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, చూపుడువేలికి ఆ ముద్ద రాసుకుని, గంటసేపు పళ్ళు రుద్దుకుంటూ కూర్చునేవాడు. నోటినిండా గోధుమరంగు నురగ. అది పెదవి చివర నుంచి గడ్డం మీదికి జారుతుంటే భుజం మీది తువ్వాలుతో తుడుచుకునేవాడు. ఆ తువ్వాలు ఒకప్పుడు తెల్లదట. మధ్యమధ్య ఊచల్లోంచి సందులోకి ఉమ్మేవాడు. కిటికీ కింద గోడ మీద ఆ చారలు ఎండి, వాటి మీద కొత్త చారలు పడేవి, ఛీ. అందరూ ఆ గోడ పక్కనుంచే నడిచి వెళ్ళి ఆయనకి నమస్కారం పెట్టేవాళ్ళు.

మా పిన్ని, అమ్మకి చెల్లెలు, తాతయ్య పోయాక మా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి ఆమెకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన రోజులవి. ఎక్కడ చూసినా కొత్త ఆఫీసులు, కొత్త ఇళ్ళు, అన్నిటికీ కర్టెన్లు కావాలి. పిన్ని మొదట్లో కుట్టి ఇవ్వడమే చేసేది. తను కుట్టినవాటిని రాడ్లు బిగించేవాళ్ళు వంకరటింకరగా వేలాడదీస్తుంటే ఒళ్ళుమండి, తనే ఒక చేతి డ్రిల్లు కొనుక్కుంది. కిటికీకి ఎంత పైన బ్రాకెట్లు బిగించాలో, రాడ్డు అటూ ఇటూ ఎంత బయటికి రావాలో, పొడుగాటి రాడ్డు నడుమ వంగిపోకుండా మూడో బ్రాకెట్ ఎక్కడ వెయ్యాలో, అన్నీ చేసి చేసి నేర్చుకుంది. చున్నీ నడుముకి బిగించి, స్టూలెక్కి గోడకి చిల్లులు పెట్టే ఆడపిల్లని చూసి సందులో చాలామంది మూతులు విరిచేవారు. పిన్ని పట్టించుకునేది కాదు. "కుట్టడం ఎవులైనా కుడతారే, ఏలాడదియ్యడంలోనే ఉంది పనంతా" అనేది నాతో.

కుట్టుమిషను కిటికీ దగ్గరే ఉండాలి, మా ఇంటి మొత్తానికి వెలుతురు వచ్చేది అక్కడే. ఎదురుగా ఆయన కుర్చీ. గుడ్లప్పగించి చూడడం అంటే ఏమిటో నేను ఆయన్ని చూసే తెలుసుకున్నాను. వేలు నోట్లో ఆడుతూనే ఉండేది, చూపు మాత్రం పిన్ని మీది నుంచి కదిలేది కాదు. పిన్ని ఈ సంగతి అమ్మకి చెప్పింది. "పెద్దాయన, కళ్ళు కూడా సరిగ్గా అవుపడవు. నువ్వే ఏదో ఊహించుకుంటున్నావు" అని అమ్మ కొట్టిపారేసింది. పిన్ని మరి వాదించలేదు. పల్చటి తెల్లగుడ్డ తెచ్చి మా కిటికీకి కర్టెను కుట్టింది. వెలుతురు లోపలికి వస్తుంది, చూపు రాదు. ఇత్తడి రంగు రాడ్డు బిగించి, పదహారు రింగులు ఎక్కించి, ఒక్కో రింగుకీ ఒక్కో హుక్కు తగిలించింది. ఆ రోజు పిన్ని మిషను దగ్గర కూర్చుని పాట పాడుకుంది.

నాలుగు రోజుల తరవాత నేను బడి నుంచి వస్తుంటే పెద్దమనిషి కిటికీలోంచి పిలిచాడు. జేబులోంచి రెండు ఇమ్లీ గోలీలు తీసి నా చేతిలో పెట్టాడు. చింతపండూ పంచదారా కలిపి కట్టిన ఉండలు, నాకు ప్రాణం. ఆయన వేలి మరక వాటికి చుట్టిన కాగితానికి అంటుకుని ఉంది. అయినా తిన్నాను.

"మీ పిన్ని గాలాడక సొమ్మసిల్లిపోద్ది పాపా. పొద్దున్న అది నీళ్ళు పట్టడానికి ఎల్లినప్పుడు ఆ చివర రెండు హుక్కులు తీసీ. కాస్త గాలొస్తాది. దానికి చెప్పకు, కోప్పడతాది" అన్నాడు.

తీశాను. రోజూ తీసేదాన్ని. రోజూ రెండు గోలీలు. రెండు హుక్కులు ఊడితే ఆ మూల గుడ్డ జారి నాలుగు వేళ్ళ సందు పడేది. పిన్ని పనిలో మునిగిపోయి ఎప్పటికో చూసుకుని మళ్ళీ తగిలించేది. మర్నాడు మళ్ళీ ఊడి ఉండేవి. హుక్కులు వదులయ్యాయనుకుని పటకారుతో నొక్కింది. రాడ్డు వాలిందేమోనని బ్రాకెట్ విప్పి మళ్ళీ బిగించింది. ఊళ్ళో అందరి ఇళ్ళకీ చక్కగా పరదాలు వేసే మనిషి, తన కిటికీకి వేసిన పరదా ఎందుకు నిలవడం లేదో తెలియక తలపట్టుకుని కూర్చుంది. నేను పక్కనే కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను.

తొమ్మిదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు అని చాలామంది అన్నారు తరవాత. తెలుసు. ఆయన చూపు సంగతి నాకు పూర్తిగా అర్థమై ఉండకపోవచ్చు. కానీ గాలి కోసమే అయితే చెప్పకు అని ఎందుకన్నాడు అనే ప్రశ్న మొదటిరోజే వచ్చింది నాకు. వచ్చిన ప్రశ్నని గోలీతో పాటు చప్పరించేశాను. నా మీద నాకు రోత పుట్టేది ఇక్కడే.

పది రోజులు తిరక్కుండానే సందులో మాటలు మొదలయ్యాయి. పరదా ఉంచుకుని కూడా కావాలనే సందు పెట్టుకు కూర్చుంటోందట, ఎదురింట్లో పెద్దాయన ఉన్నారన్న సిగ్గయినా లేదట. ఈ మాటలు ఎక్కడ పుట్టాయో వేరే చెప్పాలా. చూసినవాడు సందులో పెద్దమనిషిగానే ఉన్నాడు, కుట్టుకుంటున్న పిల్లకి చెడ్డపేరొచ్చింది. అమ్మ పిన్నిని వంటింట్లోకి పిలిచి నానా మాటలూ అంది. పిన్ని ఒక్కటే చెప్పింది, "నేను తియ్యలేదు అక్కా, అయ్యి ఊడిపోతన్నాయి" అని. హుక్కులు వాటంతటవే ఊడతాయా అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు మంచి నవ్వు కాదు.

నాన్న తేల్చేశాడు. పై ఆదివారం మధ్యాహ్నం బండికి పిన్నిని బొబ్బిలి పంపించెయ్యాలి, మామయ్య ఇంట్లో ఉంటుంది, మిషను అమ్మేస్తారు. చేతిలో ఉన్న ఆర్డర్లు, తను సంపాదించుకున్న పని, పేరు, అన్నీ అక్కడితో సరి. పిన్ని మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నేను నోరు విప్పితే ఆ ప్రయాణం ఆగిపోతుందని నాకు తెలుసు. కిక్కురుమనలేదు. తిడతారని భయం. ఆ వారంలో కూడా రెండుసార్లు వెళ్ళి గోలీలు తెచ్చుకున్నాను. థూ.

ఆదివారం పొద్దున్న పిన్ని సంచీ సర్దుకుని గుమ్మం పక్కన పెట్టింది. తరవాత స్టూలెక్కి మా కిటికీ రాడ్డు విప్పింది. బ్రాకెట్లు, రింగులు, గుడ్డ అన్నీ తీసుకుని, డ్రిల్లు చంకన పెట్టుకుని సందు దాటింది. ఊరెళ్ళిపోతూ పెద్దాయనకి ఇచ్చేస్తోంది కాబోలనుకుంది అమ్మ. పిన్ని ఆ కిటికీ కింద, ఆ చారల పక్కనే స్టూలు వేసి ఎక్కింది. లోపల ఆయన కుర్చీలో ఉన్నాడు, నోటినిండా నురగతో. పిన్ని కిటికీకి పైన, బయట గోడకి, చిల్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఆయన లేచాడు. ఏదో అనబోయాడు, నోరు తెరిస్తే కారిపోతుంది. ఉమ్ముదామంటే ఎదురుగా పిన్ని ఉంది, ఆమె వెనక అప్పటికే పదిమంది చేరారు. చివరికి నోట్లో ఉన్నది మింగేశాడు. నేను చూశాను.

"ఏటమ్మా ఇది? పర్దా ఎవరైనా ఇంటి బయట కడతారా?"

"లోపల కడితే మీరు తీసీగలరు కదా బాబాయ్ గారూ" అంది పిన్ని, చేతిలో పని ఆపకుండా. "సూపు ఏ కిటికీలోంచి పోతందో దానికే కడతన్నాను. మా కిటికీకి కట్టడం నాదే పొరపాటు."

పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ "కా హోగే దీదీ?" అని అమ్మని అడిగింది. ఏమైందో చెప్పకుండానే అమ్మ నాన్నని పిలవడానికి లోపలికి పరిగెత్తింది. నాన్న బనీనుతోనే పరిగెత్తుకొచ్చి స్టూలు పక్కన నిలబడి, "దిగు, ముందు దిగు, పరువు తియ్యకు" అంటున్నాడు. పెద్దమనిషికి అది ఊతమైంది. గొంతు పెంచాడు. "కిటికీ తెరిసి కూకున్నదెవరో సందంతా సూసారు. దీని బాగోతం దీనిది, ఇప్పుడు నా మీద పడతాదా" అన్నాడు. పిన్ని చెయ్యి ఆగిపోయింది. హుక్కులు ఎందుకు ఊడుతున్నాయో ఆమెకి నిజంగానే తెలియదు.

నేను ఎందుకు అప్పుడు మాట్లాడానో ఇప్పటికీ చెప్పలేను. ధైర్యం కాదు. ఆయన గడ్డం మీద గోధుమరంగు చార ఒకటి మెల్లగా దిగుతోంది, అది చూస్తుంటే డోకొచ్చినంత పనైంది. డోకు బదులు మాట వచ్చింది. "హుక్కులు నేనే తీశాను. ఈ తాతగారే తియ్యమన్నారు. రోజూ గోలీలు ఇచ్చారు. పిన్నికి చెప్పొద్దన్నారు."

ఆయన ఒకసారి నావైపూ ఒకసారి నాన్నవైపూ చూసి తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు. నాన్న తల దించుకున్నాడు. అప్పుడు ఆ ఇంటి తలుపు తెరుచుకుని పెద్దమనిషి భార్య బయటికి వచ్చింది. మామ్మగారు అనేవాళ్ళం. గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినని మనిషి. పిన్నిని ఏమంటుందోనని అందరం చూస్తున్నాం. ఆవిడ మెట్లు దిగి వచ్చి, ఊగుతున్న స్టూలుని రెండు చేతులా పట్టుకుంది. పైకి చూసి అంది, "ఎడమ పక్కది కొంచెం దించమ్మా, వంకరగా ఉంది."

పిన్ని దించింది. రెండు బ్రాకెట్లూ బిగించి, రాడ్డు ఎక్కించి, పదహారు హుక్కులూ తగిలించి, ఆ మూల నుంచి ఈ మూలకి పరదా లాగేసింది. లోపలి మనిషి కనపడకుండా పోయాడు.

ఆ గుడ్డ వానాకాలమంతా అలాగే తడిసి, నాని, నల్లటి బూజుపట్టి, ముక్కు మూసుకుంటే తప్ప ఆ పక్కకి పోలేనట్టయింది. అయినా దాన్ని ఎవరూ తియ్యలేదు. ఆయన తియ్యబోతే మామ్మగారు తియ్యనివ్వలేదని తరవాత విన్నాం. ఆ తరవాతి ఉగాదికి పంచాంగం మరొకాయన చదివాడు. ఎవరూ పెద్దమనిషిని ఏమీ అనలేదు, అడగలేదు. మనవాళ్ళకి అంతకన్నా చేతకాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే నాన్న పిన్ని టికెట్ చించేసి, "మరి నువ్వెళ్ళక్కర్లేదు, ఇక్కడే ఉండు" అన్నాడు, ఏదో వరమిచ్చినట్టు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ కాఫీ కలిపి తెచ్చింది. పిన్ని కాఫీ తాగలేదు. "బొబ్బిలి ఎల్లను బావా. ఈ ఇంట్లోనూ ఉండను. ఎదురింటాయన పరాయోడు, మీరు నావాళ్ళు, ఒక్క మాటైనా అడక్కుండానే నమ్మీసారు" అంది. ఊళ్ళోనే టాటీబంధ్ వైపు తను కర్టెన్లు వేసిన ఒక ఇంటివాళ్ళు వెనక గది అద్దెకిస్తామన్నారట. మిషను రిక్షాలో ఎక్కించుకుంది.

నేను రిక్షా చక్రం పట్టుకుని ఏడుస్తున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నిజం చెప్పానని నా తల నిమురుతున్నారు, బంగారుతల్లి అంటున్నారు. నేను పిన్ని కూడా అలా అంటుందని ఎదురుచూశాను. ఆమె వంగి నా ముక్కు తుడిచింది, తన చున్నీతోనే. తరవాత చాలా మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా అంది. "ఆడు కిటికీలోంచి సూసాడు. నువ్వు నా పక్కనే కూకుని సూసావు." అని రిక్షా ఎక్కింది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

పిన్ని తరవాత నన్ను దగ్గరికి తీసింది, సెలవులకి తన గదికి రమ్మనేది, స్టూలెక్కించి స్క్రూలు బిగించడం కూడా నేర్పింది. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకోమని నేనూ అడగలేదు. ఇప్పుడు నేను ఆఫీసులో గానీ, మా అపార్ట్‌మెంట్లో గానీ, ఎవరి మీదైనా ఉత్తపుణ్యాన మాట పడుతుంటే నాకు తెలిసింది అక్కడికక్కడే, అందరి ముందూ చెప్పేస్తాను. రేపు చెబుదామనుకోను. దానివల్ల నాకు స్నేహితులు తక్కువ. గయ్యాళి అంటారు, నోటిదురుసు అంటారు. అననివ్వండి. ఆ వారం రోజులూ నేను నోరు మూసుకుని కూర్చున్నప్పుడు సందులో అందరూ నన్ను బుద్ధిమంతురాలనే అనేవారు.