ఆవులప్ప గారి ఇరవై ఎనిమిది రోజులు

ఇరవై ఎనిమిది రోజులు దాటందే ఆవులప్పకు లోకంలో దేని మీదా అభిప్రాయం ఉండదు. వీధి చివర కొత్త హోటలు పెడితే వరసగా ఇరవై ఎనిమిది రోజులు అక్కడ కాఫీ తాగి, ఆ తర్వాతే "ఫరవాలేదప్పా" అనేవాడు. అప్పటికి ఆ హోటలు ఒక్కోసారి మూసేసి కూడా ఉండేది.

ఈ జబ్బు ఉద్యోగంలోంచి అంటుకుంది. కాటన్‌పేట వెనక సందులో ఉన్న సర్కారు ల్యాబులో ముప్పై నాలుగేళ్లుగా కాంక్రీటు బలం పరీక్షించడం అతని పని. సర్కారువారు బడి కట్టినా ఆసుపత్రి కట్టినా, పోసిన కాంక్రీటులోంచి కొంత తీసి ఇనుప అచ్చుల్లో అరడుగు క్యూబులు పోస్తారు. మర్నాడు అచ్చులు విప్పి నీళ్లతొట్టిలో వేస్తారు. ఏడో రోజున మూడింటిని, ఇరవై ఎనిమిదో రోజున మూడింటిని మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఏడో రోజుది జాతకం, ఇరవై ఎనిమిదో రోజుది తీర్పు. ఆ లెక్క ల్యాబులోనే ఆగితే ఏ గొడవా ఉండకపోను. ఆవులప్ప దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి కూడా పట్టుకుపోయాడు.

పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చిందా అని అడిగితే "ఇరవై ఎనిమిది రోజులు కానీండి" అన్నాడట. పిల్ల తండ్రి చెప్పు తీయబోతే నలుగురూ ఆపారు. సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజు పొద్దున పూలూ పండ్లూ పట్టుకుని వాళ్ల గడప ముందు నిలబడ్డాడు. "ఆ పొద్దే తలుపేసి ఉండాల్సింది" అని భార్య బాలమ్మ ఇప్పటికీ అంటూ ఉంటుంది. ఆవకాయ కలిపినప్పుడల్లా ఆవిడ జాడీ మీద నెల వెనకటి తేదీ వేస్తుంది. లేకపోతే ఆ మనిషి ముద్ద కలపడు.

ఆఫీసులో ఎవరి మీద ఎవరు ఫిర్యాదు రాసిచ్చినా తేదీ వేసి సొరుగులో పెట్టేవాడు. ఇరవై ఎనిమిది రోజులయ్యాక రాసినవాణ్ణి పిలిచి "ఇంకా కోపం ఉండాదా అప్పా?" అని అడిగేవాడు. చాలామందికి అసలు ఏం రాశారో గుర్తుండేది కాదు.

అలాంటి మనిషి కింద ఒక శుక్రవారం నేత్రావతి చేరింది. ముళబాగిలు పిల్ల, డిప్లొమా చదువు, మడివాళలో పీజీ హాస్టల్లో బస. కాంట్రాక్టు ఉద్యోగం. మొదటి నెల తర్వాత ఆవులప్ప రాసే రిపోర్టును బట్టే ఉంటుందో ఊడుతుందో తేలేది. చేరిన గంటకే సర్జాపుర పంపించాడు. అక్కడ అంగన్‌వాడీకి కప్పు పోస్తున్నారు. మేస్త్రీ కదిరి తిరుపాలు, వెంట పన్నెండు మంది కూలీలు. నేత్రావతి తన చేతులతో ఆరు క్యూబులు పోసుకుని తెచ్చింది.

"నువ్వూ ఈ క్యూబులూ ఒకే రోజు చేరినారమ్మా" అన్నాడు ఆవులప్ప. "ఇద్దరి సంగతీ ఇరవై ఎనిమిదో రోజు చూస్తాం."

మర్నాడు సాయంత్రం ఆమె అచ్చులు విప్పి ఆరింటినీ వరండాలో వరసగా పెట్టింది. అంతలో పీజీ నుంచి ఫోను. గది మార్చాం, నీ సామాను మెట్ల మీద ఉంది, వచ్చి తీసుకో అని. పరిగెత్తింది. ఆదివారం బట్టలు నానబెడుతూ ఉంటే చెయ్యి బకెట్లోనే ఆగిపోయింది. బట్టలు నానుతున్నాయి. క్యూబులో?

ల్యాబుకు తాళం. సోమవారం తెల్లారగానే వచ్చి చూస్తే వరండా ఖాళీ, క్యూబులు తొట్టి అడుగున చల్లగా కూర్చుని ఉన్నాయి. ఎవరు వేశారు? శనివారమా, ఇప్పుడేనా? అటెండరు నంజప్పను అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే మరిచిపోయానని ఒప్పుకున్నట్టే. నోరు మూసుకుంది.

ఏడో రోజున మూడు క్యూబులు పగిలాయి. మిషను ముల్లు మూడు వందల అరవై దాటాల్సింది, మూడు వందల నలభై దగ్గరే టప్పుమన్నాయి. రెండు రోజులు నీళ్లు లేక ఎండిన క్యూబు బలం తప్పుతుందని నేత్రావతికి తెలియదా!

ఆ కప్పులో కల్తీ జరిగిందని అంతకుముందే ఎవరో ఫిర్యాదు చేసి ఉన్నారు. ఆ కట్టడం చూసే ఇంజనీరు దేవరాజ్ రోజూ ఫోను చేసి సగం కన్నడంలో అరిచేవాడు.

"ఏన్రీ ఆవులప్ప, కప్పు పడగొట్టేసేదే. ఏడో రోజు రిజల్టు చాలదా?"

"ఇరవై ఎనిమిది కానీండి సార్."

"పైవాళ్లు నన్ను తింటా ఉండారు!"

"ఇరవై ఎనిమిది రోజులు తిననీండి సార్."

తిరుపాలు రెండు రోజులకోసారి వచ్చి ల్యాబు మెట్టు మీద కూర్చునేవాడు. "మేడం, కల్తీ చేయలేదు మేడం. మా పిల్లోల్ల మీద ఒట్టు. కప్పు పడగొడితే మమ్మల్ని ఇంక ఏ పనికీ పిలవరు." నేత్రావతి అతని ముఖం చూడలేక ఇసుక జల్లెడ పట్టేది. ఆ ల్యాబులో ఇసుకను అన్నిసార్లు ఎప్పుడూ జల్లించలేదు.

ఇరవై ఏడో రోజు, గురువారం, దేవరాజ్ స్వయంగా వచ్చాడు. చేతిలో టైపు చేసిన ఉత్తరం. కప్పు కొట్టేయాలి, మేస్త్రీని తీసేయాలి. "సంతకం హాకి, వేసేయండి" అని బల్ల మీద పెట్టాడు. వరండాలో తిరుపాలు టోపీ తీసి పట్టుకుని నిలబడ్డాడు.

నేత్రావతి జల్లెడ కింద పెట్టి లోపలికి వచ్చింది.

"సార్, తప్పు నాదేమో. శనివారం క్యూబులు నీళ్లలో వేయకుండా పోయినాను. వరండాలోనే ఉండిపోయినాయి. వాళ్ల కాంక్రీటు మంచిదే అయి ఉండొచ్చు."

దేవరాజ్ ముఖం ఎర్రబడింది. ఆవులప్ప మెల్లగా సొరుగు తెరిచి తొట్టి రిజిస్టరు తీసి విప్పాడు. 'శనివారం 5-10. ఆరు క్యూబులు నీళ్లలో దించినాను. ఆవులప్ప.'

"రోజూ తాళం వేసే ముందు తొట్టిలో చెయ్యి పెట్టి చూస్తాను. ఆ పొద్దు చేతికి నీళ్లు తప్ప ఏం తగల్లేదు" అన్నాడు. "ఇరవై నిమిషాలు ఎండినాయి. అంతే."

నేత్రావతికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేవరాజ్‌కు మాత్రం బాగా తెలిసింది.

"మరి తొట్టిది తప్పు కాదు, పిల్లది తప్పు కాదు. అంటే కాంక్రీటే చెడ్డది! పెట్టు సంతకం!"

తిరుపాలు గోడకు చేరగిలబడ్డాడు. పిల్ల బయటపడ్డ గుంటలో మేస్త్రీ పడ్డాడు.

"ఇది మెల్లగా బలం పట్టే సిమెంటు సార్. రేపు చూస్తాం" అని ఆవులప్ప కలానికి మూత పెట్టేశాడు. "ముప్పై నాలుగేండ్లు ఆగినాను, మీరు ఒక రోజు ఆగండి."

దేవరాజ్ విసవిసా వెళ్లిపోయాక నేత్రావతి విరుచుకుపడింది. "మీకు ముందే తెలుసు! నాకు చెప్పి ఉంటే ఇన్ని రోజులు అన్నం తినేదాన్ని కదా సార్!"

ఆవులప్ప తల గోక్కున్నాడు. "నిజమే తల్లీ, అది నా తప్పే. నువ్వుగా నువ్వే చెప్తావని చూస్తా ఉంటిని. నేను చేరిన వారానికే ఒక అచ్చు కింద పడేసి పగలగొట్టినాను. తీసేయమని పైనుంచి చెప్తే, అప్పుడు ల్యాబుకు పెద్దగా ఉన్న మా గోపాలప్ప సారు, 'ఏడో రోజే పిల్లోన్ని పగలగొడతారా, ఇరవై ఎనిమిది కానీండి' అన్నాడు. ఆయన మాటతోనే ఇంతకాలం ఉద్యోగం చేస్తా ఉండాను."

శుక్రవారం పది గంటలకు మిషను చుట్టూ అందరూ చేరారు. ఐదు వందల అరవై రెండు దాటాలి. నేత్రావతే క్యూబు పెట్టి మీట తిప్పింది. మూడు వందలు. నాలుగు వందలు. తిరుపాలు కళ్లు మూసుకున్నాడు. ఐదు వందలు. ఐదు వందల యాభై దగ్గర చిన్నగా చిటపటమంది, దేవరాజ్ చేతిలో ఉత్తరం సర్దుకున్నాడు. ముల్లు ఆగలేదు. ఆరు వందలు దాటింది. ఆరు వందల నలభై దగ్గర టప్పుమంది. రెండోదీ మూడోదీ అలాగే గట్టిగా నిలిచి పగిలాయి. దేవరాజ్ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు.

తిరుపాలు పరిగెత్తి మైసూరుపాక్ తెచ్చాడు. ఆవులప్ప ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎప్పుడు చేసిందప్పా?"

"ఈ పొద్దే సార్, వేడివేడిది!"

ఆవులప్ప నిట్టూర్చి నోట్లో వేసుకున్నాడు.

"సార్, మరి నా రిపోర్టు?" అంది నేత్రావతి. "నాకూ ఇరవై ఎనిమిదైంది."

అతను సొరుగులోంచి కవరు తీసి ఇచ్చాడు. 'నిజం చెప్పే మనిషి. పనిలో ఉంచుకోవాలి.' కింద సంతకం, తేదీ. నేత్రావతి ఆ తేదీని రెండుసార్లు చూసింది.

"ఇది నిన్నటి తేదీ కదా సార్. ఇరవై ఏడో రోజే రాసేసినారా?"

ఆవులప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మా బాలమ్మకు మాత్రం చెప్పాకు తల్లీ."